వడి ఎక్కడ ఉన్నది?

ఏ యంత్రాన్ని కొనబోయినా, ఏ యంత్రాన్ని కట్టబోయినా, మనిషి మొదట అడిగే ప్రశ్న ఒకటే: వీటిలో వడిగలది ఏది? ఎద్దులను బేరమాడే రైతు ముందుగా వాటి నడక చూస్తాడు. మోటారు కొనేవాడు అది గంటకు ఎంత దూరం పోతుందని అడుగుతాడు. చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలను నిర్మించే నేటి యువకులు సైతం తమ పరికరానికి మెదడు వంటిదైన చిప్పును ఎన్నుకొనేటప్పుడు ఇదే ప్రశ్న వేసికొంటున్నారు. ఆ చిప్పునకు మైక్రోకంట్రోలరు అని పేరు. లెక్కలు చేసే భాగము, జ్ఞాపకముంచుకొనే భాగము, బయటి ప్రపంచంతో రాకపోకలు సాగించే ద్వారములు, ఈ మూడూ వ్రేలి గోరంత సిలికాను ముక్కలో ఇమిడి ఉండడమే దాని విశేషము. బట్టలుతికే యంత్రంలోను, విద్యుత్తు మీటరులోను, కారులోను, పిల్లల బొమ్మలోను అది అజ్ఞాతవాసం చేస్తూ ఉంటుంది.

“ఈ చిప్పు చాలడం లేదు, ఇంతకంటె వడిగలది కావాలి” అని అనడం సులువే. కాని ఆ వడి అనేది ఎక్కడ ఉన్నది? దానిని దేనితో కొలవాలి? ఈ ప్రశ్నలకు చరిత్రలో లభించిన సమాధానాలలో మిక్కిలి విలువైనది 1983, 1985 సంవత్సరముల మధ్య ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణంలో లభించినది. ఆ కథ ఒక ప్రసార సంస్థతో ముడిపడి ఉన్నది కనుక, రేడియో వారమైన మాకు దానిపై అభిమానము కొంత ఎక్కువ. ఆ కథను, దాని తరువాతి పరిణామాలను ఈ ప్రసంగంలో మనవి చేస్తాము.

ముందుగా ఒక చిన్న వివరణ అవసరము. ప్రతి చిప్పునకు ఒక గడియారము ఉంటుంది. అది కొట్టే దెబ్బల ప్రకారమే లోపలి పనులన్నీ జరుగుతాయి. సెకనుకు పది లక్షల దెబ్బలైతే దానిని 1 మెగాహెర్ట్జు అంటారు. దుకాణంలో చిప్పు వేగమని చెప్పేది ఈ సంఖ్యనే. అయితే సంగీత కచేరీలు వినే శ్రోతలకు ఇందులోని మెలిక వెంటనే బోధపడుతుంది. తాళము వడిగా వేసినంత మాత్రాన కీర్తన త్వరగా ముగియదు. ఒక్కొక్క ఆవర్తనంలో ఎంత సాహిత్యము ఇమిడినదో కూడా చూడవలసి ఉంటుంది. చిప్పుల సంగతీ అంతే. 16 మెగాహెర్ట్జుల 8 బిట్ల చిప్పు ఒకటి, అదే 16 మెగాహెర్ట్జుల 32 బిట్ల చిప్పు ఒకటి మన ముందు ఉన్నవనుకొందాము. రెండు పెద్ద సంఖ్యలను, అనగా 32 బిట్ల సంఖ్యలను కూడవలసి వస్తే, రెండవది ఒక్క ఆజ్ఞతో ముగిస్తుంది. మొదటిది ఆ సంఖ్యలను నాలుగు ముక్కలు చేసి, చేతిలో మిగిలినది పై ముక్కకు కలుపుకొంటూ, నాలుగు ఆజ్ఞలతో ముగిస్తుంది. తాళము ఒకటే అయినా సాహిత్యము నాలుగింతలు తేడా. గడియారపు సంఖ్యను నమ్మి చిప్పును ఎన్నుకొనేవారు మొదట మోసపోయేది ఇక్కడే.

ఇక కథలోనికి వస్తాము. 1978వ సంవత్సరంలో హెర్మన్ హౌజర్, క్రిస్ కరీ అనే ఇద్దరు కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న కంప్యూటరు సంస్థను స్థాపించారు. ఆ దినములలోనే బ్రిటిషు ప్రసార సంస్థ బీబీసీ తన దేశ ప్రజలకు కంప్యూటరు విద్య నేర్పవలెనని సంకల్పించి, ఒక పెద్ద పథకాన్ని చేపట్టినది. టెలివిజను పాఠాలతో పాటు, ఆ పాఠాలకు తగిన కంప్యూటరు ఒకటి ప్రజలకు అందుబాటులో ఉండాలని ఆ సంస్థ భావించినది. ఏకార్న్ సంస్థలోని యువ నిపుణులు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ప్రభృతులు 1981లో వారము దినములైనా పట్టకుండా నమూనా యంత్రాన్ని కట్టి, బీబీసీ ప్రతినిధులు వచ్చే వేళకు పనిచేయించి చూపారు. కంట్రాక్టు వారికే దక్కినది. ఆ యంత్రమే 1981 డిసెంబరులో వెలువడిన బీబీసీ మైక్రో. పన్నెండు వేలు అమ్ముడుపోతే చాలునని మొదట అంచనా వేశారు. కడకు పదిహేను లక్షలు దాటినవి. 1984-85లో మన దేశంలోని పాఠశాలలలో కంప్యూటరు పరిచయానికై ఆరంభించిన ‘క్లాస్’ పథకంలో వచ్చినవి కూడా ఈ బీబీసీ మైక్రోలే. ఈనాడు మధ్యవయస్సు దాటినవారిలో కొందరు తమ బడిలో మొట్టమొదట తాకిన కంప్యూటరు అది.

ఆ కాలంలో రేడియో చేసిన ఒక చిత్రమైన సేవను ఇక్కడ ప్రస్తావించకుండా ఉండలేము. హాలెండులో ‘హాబీస్కూప్’ అనే రేడియో కార్యక్రమము వారు కంప్యూటరు ప్రోగ్రాములను కీచుమనే ధ్వనులుగా మార్చి ప్రసారము చేసేవారు. శ్రోతలు ఆ ధ్వనులను టేపురికార్డరులో పట్టి, తమ కంప్యూటరుకు వినిపిస్తే, ప్రోగ్రాము అందులో చేరిపోయేది. వేర్వేరు జాతుల కంప్యూటర్లన్నింటికీ అర్థమయ్యేటట్లు వారు రూపొందించిన పద్ధతికి బేసికోడ్ అని పేరు. బీబీసీ రేడియో 4 కూడా ‘చిప్ షాప్’ అనే కార్యక్రమంలో ఈ పద్ధతిని అనుసరించినది. మనుష్యుల చెవికి కర్ణకఠోరమైనది యంత్రపు చెవికి పాఠమైనదన్న మాట.

బీబీసీ మైక్రోలోని ప్రాసెసరు 6502 అనే 8 బిట్ల చిప్పు. 1975లో పుట్టినది, చవకైనది. అప్పటి అనేక యంత్రాలలో అది సుమారు 1 మెగాహెర్ట్జు వేగంతో నడుస్తూ ఉండగా, ఏకార్న్ వారు దానిని 2 మెగాహెర్ట్జులతో నడిపించారు. ఇందులో ఒక యుక్తి ఉన్నది. కంప్యూటరులోని మెమొరీని ఇద్దరు వాడుకొంటారు. ఒకరు లెక్కలు చేసే ప్రాసెసరు, రెండవవారు తెరపై బొమ్మను చూపే భాగము. ఇద్దరూ ఒకే బావిలో చేదలు వేసే పొరుగిళ్లవారి వంటివారు. ఒకరు తోడుతూ ఉంటే రెండవవారు కాచుకొని ఉండవలసినదే. ఏకార్న్ వారు జపానులోని హిటాచీ సంస్థ నుండి సెకనుకు నలభై లక్షల సార్లు అందించగల మెమొరీని తెప్పించి, ఒక చేద ప్రాసెసరుకు, ఒక చేద తెరకు వంతులవారీగా ఏర్పాటు చేశారు. ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కరలేదు. అందువల్లనే ఆ చిన్న యంత్రము తన యీడు యంత్రాల కంటె చురుకైనదని పేరు పొందినది. ఈ అనుభవము విల్సన్, ఫర్బర్‌ల మనస్సులలో గాఢంగా నాటుకొన్నది: ప్రాసెసరు వేగమన్నది ప్రాసెసరులో మాత్రమే లేదు, దానికి అన్నము పెట్టే మెమొరీలో ఉన్నది.

1983 నాటికి పరిస్థితి మారినది. 8 బిట్ల యుగము ముగియవచ్చినది. అమెరికాలో ఐబీఎం వారి యంత్రము కార్యాలయములను ఆక్రమించుకొంటున్నది. బీబీసీ మైక్రో తరువాత ఏమిటన్న ప్రశ్నకు ఏకార్న్ సమాధానము చెప్పుకోవలసి వచ్చినది. తగిన ప్రాసెసరును ఎన్నుకొనలేకపోతే సంస్థకు భవిష్యత్తు లేదు. అందుచేత వారు ఆనాడు బజారులో ఉన్న 16 బిట్ల ప్రాసెసర్లను తెప్పించి ఒక్కొక్కదానినే పరీక్షించారు. మోటరోలా వారి 68000, నేషనల్ సెమీకండక్టరు వారి 16032 వాటిలో ముఖ్యమైనవి. కాగితముపై అవన్నీ 6502ను మించినవే. వాటి ఆజ్ఞల పట్టిక విస్తారమైనది, వాటి గడియారము వడిగలది. కాని యంత్రంలో అమర్చి చూచినప్పుడు రెండు లోపాలు బయటపడినవి.

మొదటిది, అవి మెమొరీ ఇవ్వగలిగినంత వేగాన్ని వాడుకొనలేకపోయినవి. చేదబావిలో నీరు పుష్కలంగా ఉన్నా, తోడేవాడు చేదను పైకి లాగి, దించి, ఆలోచించి, మళ్లీ వేస్తూ ఉంటే ఏమి ప్రయోజనము? తక్కువ ధరకు దొరికే సాధారణ మెమొరీ చిప్పులు ఇవ్వజూపిన వేగములో కొంత భాగమును మాత్రమే ఆ గొప్ప ప్రాసెసర్లు అందుకొన్నవి.

రెండవ లోపము ఇంకా ఆసక్తికరమైనది. ప్రాసెసరు ఏదో పనిలో ఉండగా డిస్కు నుండియో, మీటల పలక నుండియో ఒక పిలుపు వస్తుంది. దానిని ఇంటరప్టు, అనగా అంతరాయము అంటారు. మా వృత్తిలో ప్రసారానికి అంతరాయము కలిగితే శ్రోతలకు క్షమాపణ చెప్పుకొంటాము. చిప్పుల లోకంలో మాత్రము అంతరాయమే అతిథి. ఎంత త్వరగా లేచి ఆ అతిథికి తలుపు తీస్తే అంత మంచి ప్రాసెసరు. అయితే చేతిలో ఉన్న ఆజ్ఞను పూర్తి చేయనిదే అది లేవలేదు. నేషనల్ వారి చిప్పులో ఒక భాగహారపు ఆజ్ఞకు 360 దెబ్బలు పట్టేదని ఫర్బర్ చెప్పారు. 6 మెగాహెర్ట్జుల గడియారంతో 360 దెబ్బలంటే 60 మైక్రోసెకనులు. ఆనాటి డబుల్ డెన్సిటీ ఫ్లాపీ డిస్కు నుండి ప్రతి 32 మైక్రోసెకనులకు ఒక బైటు వచ్చి వాకిట నిలుస్తుంది. మొదటి బైటును అందుకొనేలోగా రెండవది వచ్చి దానిని తోసివేస్తుంది. ఇక పాత 6502 మాట చూడండి. దాని ఆజ్ఞలలో అతి దీర్ఘమైనది 7 దెబ్బలలో ముగుస్తుంది. 2 మెగాహెర్ట్జుల వద్ద అది మూడున్నర మైక్రోసెకనులు. లెక్కలలో పండితుడైన కొత్త చిప్పు వాకిట అతిథిని నిలబెట్టి భాగహారము చేసికొంటూ కూర్చుంటే, అల్పవిద్యగల పాత చిప్పు చటుక్కున లేచి తలుపు తీసేది. వేగమునకు ఇన్ని ముఖములున్నవని ఏకార్న్ వారు ఈ పరీక్షలలో గ్రహించారు.

అయితే మార్గమేమిటి? బజారులో ఉన్నవి ఏవీ పనికిరాకపోతే స్వయంగా చేసికోవలె. కాని ప్రాసెసరును తయారు చేయడమంటే వందలాది ఇంజనీర్లు సంవత్సరాల తరబడి చేసే పని అని ఆనాటి నమ్మకము. ఆ నమ్మకాన్ని రెండు సంఘటనలు సడలించినవి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్ మార్గదర్శకత్వంలో విద్యార్థులు ఒక ప్రాసెసరును రూపొందించారు. కొద్దిపాటి సరళమైన ఆజ్ఞలను మాత్రమే ఉంచి, వాటిని వడిగా నడిపించడము ఆ పద్ధతి రహస్యము. దానిని రిస్క్ అన్నారు. ఆ పరిశోధన పత్రాలు కేంబ్రిడ్జికి చేరినవి. రెండవది, 1983లో విల్సన్, ఫర్బర్‌లు అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి వెళ్లి, 6502 చిప్పు రూపకర్తలలో ఒకరైన బిల్ మెన్ష్ నడిపే సంస్థను చూచారు. మహాకర్మాగారము ఉంటుందనుకొని పోయినవారికి కనిపించినది ఒక సాధారణమైన ఇల్లు, కొద్దిమంది మనుష్యులు, కొన్ని చిన్న కంప్యూటర్లు. ఇంతటివారు ఇంత తక్కువ పరికరాలతో చిప్పును చేస్తూ ఉంటే, మనమెందుకు చేయరాదన్న ధైర్యము వారికి తిరుగు ప్రయాణంలో కలిగినది.

ఆ అక్టోబరులోనే పని ఆరంభమైనది. విల్సన్ ఆజ్ఞల పట్టికను రచించారు. ఫర్బర్ లోపలి నిర్మాణాన్ని రూపొందించి, దాని నమూనాను బీబీసీ మైక్రో పైనే, బేసిక్ భాషలో, 808 పంక్తులలో వ్రాసి పరీక్షించారు. పాత యంత్రమే కొత్త యంత్రానికి మంత్రసాని అయినదన్న మాట. తన బృందానికి ప్రత్యర్థులెవ్వరూ ఇవ్వలేని రెండు వసతులను తాను కల్పించాననీ, ఒకటి ధనము లేకపోవడము, రెండవది మనుష్యులు లేకపోవడము అనీ హౌజర్ తరువాతి కాలంలో హాస్యంగా చెప్పుకొనేవారు. ఈ హాస్యంలో నిజము లేకపోలేదు. లేమి వల్లనే వారు అనవసరమైన దానిని దేనినీ చిప్పులోనికి రానీయలేదు. మోటరోలా 68000లో సుమారు 68 వేల ట్రాన్సిస్టర్లుండగా, వీరి చిప్పులో ఉన్నవి సుమారు 25 వేలు మాత్రమే. పేరు ఏకార్న్ రిస్క్ మెషీన్, పొట్టిగా ఆర్మ్. వరుసగా ఉన్న చోట్ల నుండి తీసికొన్నప్పుడు సాధారణ మెమొరీ చిప్పులు రెట్టింపు వేగంతో ఇవ్వగలవన్న సంగతిని ఆధారము చేసికొని ఈ ప్రాసెసరును నిర్మించారు. బావి లోతును చూచి తాడును పేనడమంటే ఇదే.

1985 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలోని వీఎల్ఎస్ఐ టెక్నాలజీ సంస్థ నుండి మొదటి చిప్పులు కేంబ్రిడ్జికి వచ్చినవి. వచ్చిన నాడే అమర్చి చూస్తే, ఒక్క సవరణ కూడా అవసరము లేకుండా పనిచేసినవి. ఆ సందర్భంలో జరిగిన ఒక ముచ్చటను ఫర్బర్ చెప్పారు. చిప్పు ఎంత విద్యుత్తును వాడుకొంటున్నదో తెలిసికొనడానికి మీటరు కలిపితే ముల్లు సున్న వద్దనే నిలిచినది. చిప్పు పనిచేస్తూనే ఉన్నది, విద్యుత్తు మాత్రము కనిపించదు. వెదకి చూస్తే, పలకపై చిప్పునకు విద్యుత్తు చేరవలసిన తీగ అసలు కలపబడలేదు. ఇతర తీగల ద్వారా వచ్చే సంకేతాల నుండి జారిన స్వల్ప విద్యుత్తుతోనే ఆ చిప్పు నడిచిపోతున్నది. చవకైన ప్లాస్టిక్ తొడుగులో పెట్టవలెనంటే చిప్పు ఒక వాటును మించి వాడుకొనరాదని వారు నియమము పెట్టుకొన్నారు. కొలిచే సాధనములు సరిగా లేనందున జాగ్రత్త పడి పడి చేసిన ఫలితంగా, అది వాటులో పదవ వంతుకు దిగిపోయినది. గుఱ్ఱము గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు మన పెద్దలు. ఈ గుఱ్ఱము కన్నులున్నదై, దాణా అక్కరలేనిదై పుట్టినది.

అయినా చరిత్ర వెంటనే వారిని కరుణించలేదు. చిప్పు చేతికి రాకముందే, 1985 ఫిబ్రవరిలో ఏకార్న్ ఆర్థికంగా కుంగిపోయి, ఇటలీకి చెందిన ఒలివెట్టి సంస్థకు దాదాపు సగము వాటాను అమ్ముకొన్నది. 1987లో ఆర్మ్ చిప్పుతో ఆర్కిమిడీస్ అనే కంప్యూటరు వెలువడినది. 8 మెగాహెర్ట్జుల గడియారంతో సెకనుకు సుమారు నలభై లక్షల ఆజ్ఞలను నెరవేర్చిన ఆ యంత్రము ఆనాటి ఇంటి కంప్యూటర్లలో అతి వడిగలవాటిలో ఒకటి. కాని ఐబీఎం పద్ధతి కంప్యూటర్లకు అప్పటికే ప్రోగ్రాములు వేలకు వేలు పుట్టి ఉన్నవి. కొనేవారు వాటివైపే మొగ్గారు. వడిలో గెలిచిన యంత్రము బజారులో ఓడినది. ఎంపికలో ఇది మరొక పాఠము. చిప్పుతో పాటు దాని చుట్టూ ఉన్న సాధనములు, ప్రోగ్రాములు, తెలిసిన మనుష్యులు కూడా మనము కొంటున్న సరకులోనివే.

ఆర్మ్‌ను బ్రతికించినది దాని వడి కంటె దాని మితాహారము. ఆపిల్ సంస్థ అరచేతిలో ఇమిడే న్యూటన్ అనే యంత్రాన్ని తయారు చేయబూని, బ్యాటరీతో చాలా సేపు నడిచే చిప్పు కోసము వెదుకుతూ కేంబ్రిడ్జికి వచ్చినది. 1990 నవంబరులో ఏకార్న్, ఆపిల్, వీఎల్ఎస్ఐ మూడూ కలిసి ఆర్మ్‌ను ప్రత్యేక సంస్థగా నెలకొల్పినవి. పన్నెండుగురు ఇంజనీర్లు కేంబ్రిడ్జి సమీపంలోని ఒక పల్లెలో, ధాన్యపు కొట్టాన్ని బాగుచేసికొని, అందులో కార్యాలయము పెట్టుకొన్నారు. వారు చిప్పులను తయారు చేయలేదు. చిప్పుల నమూనాలను రచించి, కోరినవారికి హక్కులు విక్రయించారు. 1993లో వచ్చిన న్యూటన్ బజారులో నిలువలేదు. కాని సెల్‌ఫోను రూపంలో మరొక అవసరము ముందుకు వచ్చినది.

సెల్‌ఫోను తయారీదారులకు ఆర్మ్ వేగము నచ్చినది. కాని ఆజ్ఞలు ఒక్కొక్కటి 32 బిట్లు ఆక్రమించడము నచ్చలేదు. మెమొరీ ఖరీదైనది. ప్రోగ్రాము పెరిగితే ఫోను ధర పెరుగుతుంది. అందుచేత ఆర్మ్ వారు తరచు వాడే ఆజ్ఞలను 16 బిట్లకు కుదించి థంబ్ అనే పద్ధతిని కల్పించారు. ప్రోగ్రాము పరిమాణము మూడింట ఒక వంతు వరకు తగ్గినది. మరొక వింత కూడా జరిగినది. 16 బిట్ల సన్నని దారిగల చవక మెమొరీతో కలిపినప్పుడు ఈ పొట్టి ఆజ్ఞలే పొడుగు ఆజ్ఞల కంటె వడిగా నడిచినవి. బండి చిన్నదైనా ఇరుకు సందులో అదే ముందు పోతుంది కదా!

2004లో ఆర్మ్ సంస్థ మైక్రోకంట్రోలర్ల కోసమే ప్రత్యేకంగా కార్టెక్స్ ఎం3 అనే నమూనాను ప్రకటించినది. ఇరువది ఏండ్ల క్రిందటి అతిథి పాఠాన్ని వారు మరచిపోలేదు. అంతరాయము వచ్చిన 12 దెబ్బలలో తలుపు తెరుచుకొనేటట్లు, అంతకు ముందు చేస్తున్న పని వివరములను చిప్పు తానే భద్రపరచుకొనేటట్లు అందులో ఏర్పాటు ఉన్నది. ఆ నమూనాపై వివిధ సంస్థలు చిప్పులు చేసినవి. 72 మెగాహెర్ట్జులతో నడిచే ఎస్‌టీఎం32 వాటిలో ప్రసిద్ధమైనది. ఇక్కడ కూడా పాత బావి కథ పునరావృత్తమైనది. ప్రోగ్రాము నిలువ ఉండే ఫ్లాష్ మెమొరీ 24 మెగాహెర్ట్జులకు మించి అందించలేదు. కనుక చిప్పు పూర్తి వేగంతో నడిచేటప్పుడు ప్రతి చేదకు రెండేసి దెబ్బలు కాచుకొనవలసి వచ్చినది. ఆ లోపాన్ని కప్పిపుచ్చడానికి ముందుగానే కొన్ని ఆజ్ఞలను తోడి పెట్టుకొనే తొట్టి ఒకటి అమర్చారు. గడియారపు సంఖ్యను మాత్రమే చదివినవారికి ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు మన యువ నిర్మాతలకు సుపరిచితమైన రెండు పలకల చరిత్రను చూద్దాము. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో పుట్టిన ఆర్డ్యునో విద్యార్థులకు కల్పవృక్షమైనది. దాని ప్రఖ్యాత రూపమైన ఊనోలో 16 మెగాహెర్ట్జుల 8 బిట్ల చిప్పు, 32 కిలోబైట్ల ప్రోగ్రాము స్థలము, 2 కిలోబైట్ల మెమొరీ ఉన్నవి. ఇది చాలడం లేదన్నవారి కోసము 2012లో డ్యూ అనే పలక వచ్చినది. 84 మెగాహెర్ట్జులు, 32 బిట్లు, 96 కిలోబైట్ల మెమొరీ. అన్ని విధాల గొప్పదే. కాని అది 3.3 వోల్టులది, పాత పలక 5 వోల్టులది. పాత పలక కోసము చేసిన అనుబంధ పరికరాలను అనాలోచితంగా తగిలిస్తే కొత్త చిప్పు మాడిపోయే ప్రమాదము ఉన్నది. కోడలు గుణవంతురాలే, ఇంటి కుండలు చట్లు మాత్రము ఆమె చేతికి అమరలేదు. ఊనోకు నిజమైన వారసునిగా 2023లో వచ్చిన పలకలో చిప్పు వేగము 48 మెగాహెర్ట్జులే. డ్యూ కంటె చాలా తక్కువ. కాని అది 5 వోల్టులతో పనిచేస్తుంది. పాత పరికరములను తృణీకరించని వేగమే అక్కడ ఎన్నికైనది.

రెండవది బీబీసీ వారిదే. బీబీసీ మైక్రో వెలువడిన ముప్పది నాలుగేండ్లకు, 2016లో, ఆ సంస్థ మళ్లీ బడిపిల్లలను తలచుకొని మైక్రోబిట్ అనే అరచేతి పలకను బ్రిటనులోని పదకొండు, పన్నెండేండ్ల పిల్లలకు ఉచితంగా పంచినది. లోపలి చిప్పు ఆర్మ్ సంతతిలో కనిష్ఠమైన కార్టెక్స్ ఎం0. గడియారము 16 మెగాహెర్ట్జులు, మెమొరీ 16 కిలోబైట్లు. పిల్లల ఆటకు చాలునన్నది లెక్క. కాని పైథాన్ భాషను, బ్లూటూత్ రేడియోను రెండింటినీ ఒకేసారి పెట్టడానికి ఆ మెమొరీ చాలలేదు. 2020లో వచ్చిన రెండవ రూపంలో 64 మెగాహెర్ట్జుల కార్టెక్స్ ఎం4 చిప్పు, 128 కిలోబైట్ల మెమొరీ అమర్చారు. గడియారము నాలుగింతలే పెరిగినది, మెమొరీ ఎనిమిదింతలు పెరిగినది. అసలు బిగువు ఎక్కడ ఉన్నదో తెలిసి చేసిన ఎంపిక ఇది. దానితో పాటు మైక్రోఫోను, స్పీకరు కూడా పలకపైకి వచ్చినవి.

ధ్వని మాట వచ్చినది కనుక, ధ్వనితో బ్రతికేవారముగా మేము ఒక లెక్కను శ్రోతల ముందు ఉంచుతాము. టెలిఫోను స్థాయి కంఠస్వరాన్ని అంకెలుగా మార్చవలెనంటే సెకనుకు 8,000 సార్లు కొలవాలి. 16 మెగాహెర్ట్జుల చిప్పునకు ఒక కొలతకు, మరొక కొలతకు నడుమ 2,000 దెబ్బల వ్యవధి ఉంటుంది. స్టూడియో స్థాయి ధ్వనికి 48,000 సార్లు కొలవాలి. అప్పుడు మిగిలేది 333 దెబ్బలు మాత్రమే. ఆ వ్యవధిలో ధ్వనిని వడకట్టాలా, గుర్తుపట్టాలా, లేక కేవలము దాచిపెట్టాలా అన్నదానిని బట్టి ఈ చిప్పు చాలునో చాలదో తేలుతుంది. కార్టెక్స్ ఎం0కు భాగహారపు ఆజ్ఞయే లేదు. మైక్రోబిట్ రెండవ రూపంలోని ఎం4కు భాగహారమే కాక, దశాంశపు లెక్కల భాగము, గుణించి కూడే ప్రత్యేకమైన ఆజ్ఞలు ఉన్నవి. కాబట్టి ధ్వని పరీక్షలో ఈ రెండింటి మధ్య తేడా నాలుగింతల కంటె చాలా ఎక్కువ. తలుపు తెరిచి ఉన్నదో లేదో చూచి గంట మ్రోగించే పరికరానికి మాత్రము ఈ తేడా ఏమాత్రము అక్కరకు రాదు. అక్కడ పెద్ద చిప్పు పెడితే ఖాళీగా కూర్చొని బ్యాటరీ తినడమే అవుతుంది.

పరుగెత్తి పాలు త్రాగడం కంటె నిలబడి నీళ్లు త్రాగడం మేలని మన సామెత. దీనిని సోమరితనపు మాటగా కొందరు భావిస్తారు. కాని ఈ చరిత్రను చూస్తే అందులో ఇంజనీరు వివేకము కనిపిస్తుంది. నీళ్లు చాలినప్పుడు నిలబడవలసినదే. పాలు కావలసినప్పుడు పరుగెత్తవలసినదే. అయితే పాలకుండ ఏ దిక్కున ఉన్నదో ముందు తెలిసికొని మరీ పరుగెత్తాలి. ఏకార్న్ వారు ఆ దిక్కును కొలతల ద్వారా తెలిసికొన్నారు. తమ యంత్రంలో ఏది దేనికోసము కాచుకొని ఉన్నదని అడిగారు. మెమొరీ కోసము ప్రాసెసరా, ప్రాసెసరు కోసము డిస్కా, ఈ రెండూ కాక ధర కోసము బేరగాడా అని విడదీసి చూచారు. ప్రకటనలలోని సంఖ్యలను నమ్మి ఉంటే వారు ఆనాటి పెద్ద చిప్పులలో ఒకదానిని కొని, పదిమందిలో ఒకరుగా మిగిలిపోయేవారు.

ఏకార్న్ సంస్థ 1990 దశకము ముగిసేనాటికి రంగము నుండి తప్పుకొన్నది. దాని చిప్పు వంశము మాత్రము వర్ధిల్లినది. ఆర్మ్ నమూనాలతో తయారైన చిప్పులు 2021 నాటికే ఇరువది వేల కోట్లు దాటినవి. వాటిలో అధిక భాగము ఫోనులలో, మైక్రోకంట్రోలర్లలో, మన కంటికి కనపడని మూలలలో పనిచేస్తున్నవి. నేడు ఏ కళాశాలలోనైనా ఒక విద్యార్థి తన పరికరానికి ఇంకా వడిగల చిప్పు కావాలని అనుకొన్నప్పుడు, జాబితా తెరవక ముందు పాత పలకపైనే ఒక పూట కొలతలు తీసికొనడము మంచిది. ఏ పనికి ఎన్ని మైక్రోసెకనులు పడుతున్నవో, మెమొరీ ఎంత మిగిలినదో, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తున్నదో కాగితముపై వ్రాసికొంటే, కొనవలసిన చిప్పు పేరు చాలావరకు ఆ కాగితమే చెబుతుంది. ఒక్కొక్కప్పుడు కొనవలసినది ఏమీ లేదని కూడా అదే చెబుతుంది.